నడిస్తే షుగర్ పడిపోతోంది, నడక మానేయాలా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసిన మాత్రను పొద్దున ఆరింటికి వేసుకుని, పానగల్ చెరువుకట్ట మీద ముప్పావుగంట నడిచి, ఎనిమిదింటికి టిఫిన్ తింటాను. పోయిన ఆదివారం టిఫిన్ చేశాక బత్తాయి తోటకు వెళ్లి చెట్లకు పాదులు తవ్వుతుంటే చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, చూపు మసకబారింది. మీటరులో 58 చూపించింది. బెల్లం గడ్డ తిన్నా పావుగంటకు 61 దాటలేదు. ఆ రాత్రి రెండింటికి మళ్లీ చెమటతో మెలకువ వచ్చింది. నాతోపాటే నడిచే నా భార్యకూ షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంది. ఆమెకు ఇలా ఎన్నడూ కాలేదు. నేను నడక మానేయాలా?
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మానవద్దు. మార్చవలసింది నడకను కాదు, మాత్రకూ తిండికీ పనికీ మధ్య ఉన్న వేళలను. కండరాలు పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. గ్లిమిపిరైడ్ మాత్రం షుగర్ తగ్గుతున్నా సరే, క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మీ భార్య వాడే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం నుంచి వచ్చే చక్కెరను తగ్గిస్తుందే తప్ప ఇన్సులిన్‌ను ఇలా బలవంతంగా విడుదల చేయించదు కాబట్టి, అదొక్కటే వాడేవారికి నడకలో షుగర్ పడిపోవడం అరుదు.

గ్లిమిపిరైడ్ ఉన్న మాత్రను టిఫిన్‌కు కాస్త ముందు గానీ, తింటూ గానీ వేసుకోవాలి. మీరు ఆరింటికి వేసుకుని ఎనిమిదింటి దాకా ఖాళీ కడుపుతో ఉంటున్నారు, అందులో ముప్పావుగంట నడుస్తున్నారు. ముందు నడిచి వచ్చి, మాత్రను టిఫిన్‌తో వేసుకోవచ్చునా అని మీ డాక్టరును అడగండి. పార పట్టే రోజుల్లో మోతాదు తగ్గించాలేమో కూడా వారే చెప్పాలి, సొంతంగా మాత్ర విరిచి వేసుకోవద్దు. తోటపని వ్యాయామం కిందికి రాదని చాలామంది అనుకుంటారు గానీ, రెండు గంటలు పాదులు తవ్వడం మీ పొద్దుటి నడక కంటే బరువైన పనే.

పనికి దిగేముందు మీటరులో చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, నాలుగు బిస్కెట్లో తిన్నాకే మొదలుపెట్టండి. స్ట్రిప్పుల డబ్బాను ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వదిలేయకండి, వేడికి అవి పాడై తప్పు లెక్క చూపిస్తాయి.

ఇక బెల్లం సంగతి. చక్కెరైనా బెల్లమైనా పేగుల్లో విడిపోయి గ్లూకోజ్‌గా మారితేనే రక్తంలోకి చేరుతుంది. మీ మాత్రలోని వోగ్లిబోస్ చేసే పనే ఆ విడిపోవడాన్ని ఆలస్యం చేయడం. మీ షుగర్ త్వరగా లేవకపోవడానికి అదొక కారణం కావచ్చు. అందుకని మందుల దుకాణంలో దొరికే గ్లూకోజ్ పొడినే జేబులో ఉంచుకోండి. పండ్ల రుచులు కలిపిన వాటిలో మామూలు చక్కెర కూడా ఉండవచ్చు కనుక ప్యాకెట్ చదివి, ఉత్త గ్లూకోజునే కొనండి. 70 కంటే తగ్గినా, మీటరు దగ్గర లేనప్పుడు వణుకు మొదలైనా, పని ఆపి నీడన కూర్చుని 15 గ్రాములు, అంటే మూడు చిన్న చెంచాల నిండా పొడిని నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తరువాత చూసుకుని, ఇంకా 70కి రాకపోతే మళ్లీ అంతే తాగండి. వచ్చాక, భోజనానికి ఇంకా సమయం ఉంటే ఒక జొన్నరొట్టె తినండి. పూర్తిగా తేరుకోనిదే బండి నడపవద్దు, బావి దగ్గరికి వెళ్లవద్దు.

రాత్రి మెలకువ వచ్చినప్పుడు మీటరులో చూసుకున్నట్టు మీరు రాయలేదు గానీ, అదీ షుగర్ పడిపోవడమే అయి ఉండవచ్చు. పగలు ఖర్చయిన నిల్వలను కండరాలు తరువాత నింపుకుంటాయి కాబట్టి, బరువైన పని చేసిన 24 గంటల వరకూ షుగర్ తగ్గే అవకాశం ఉంది. అలాంటి రోజు పడుకునే ముందు తప్పక చూసుకోండి. మన జిల్లాలో తోటపని అయ్యాక సాయంత్రం కల్లు తాగే అలవాటు చాలామందికి ఉంది. మీకూ ఉంటే ఆ రోజు మానుకోవడమే మంచిది, ఎందుకంటే కల్లులోని ఆల్కహాల్ కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారుచేయకుండా అడ్డుపడుతుంది.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడుతుంటే వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఎండకాలంలో తోటలో చెమట పట్టనివారు ఎవరూ ఉండరు కనుక అదీ మోసం చేస్తుంది. నీడకు వచ్చినా ఆరని చల్లటి చెమట, దానితోపాటు ఆకలి, తికమక ఉంటే ఎండదెబ్బ అనుకుని పడుకోకుండా వేలు గుచ్చి చూసుకోండి.

తోటలో పనిచేసేవారిలో ఒక్కరికైనా గ్లూకోజ్ పొడి ఎక్కడుందో చూపించి, మీరు స్పృహ తప్పితే నోట్లో నీళ్లు గానీ బెల్లం గానీ పెట్టకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని ముందే చెప్పి ఉంచండి.