బండి సందేహాలు: చప్పుడు చోటు పట్టుకున్నాకే సామాను కొనండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 90,000 కిలోమీటర్లు తిరిగిన స్విఫ్ట్ ఉంది. గుణుపురం వైపు గతుకుల మీద 20 స్పీడులో పోతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు. నున్నటి రోడ్డెక్కితే ఏమీ లేదు. షెడ్డులో ముందు షాకబ్జర్లు రెండూ మార్చారు. పాత చప్పుడు పోలేదు సరికదా, స్టీరింగు బాగా తిప్పినప్పుడు కొత్తగా ‘టంగు’మంటోంది. ఇప్పుడు లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింద చట్రానికి కలిపే ఇనుప చేతులు) మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ బండిలో రెండు వేర్వేరు చప్పుళ్లున్నాయి. ఒకటి పాతది, దాని చోటు ఇంతవరకూ ఎవరూ వెతకలేదు. రెండోది షాకబ్జర్లు బిగించినప్పుడు వచ్చింది. రెంటినీ కలిపి చూస్తే ఎంత డబ్బు పోసినా తెమలదు.

షాకబ్జర్ పాడైతే సాధారణంగా కనిపించే గుర్తులు వేరు. ఒంటి మీద నూనె కారి దుమ్ము అంటుకుంటుంది, బంపర్ నొక్కి వదిలితే బండి రెండు మూడు సార్లు ఊగుతుంది, టైరు అక్కడక్కడా గుంటలుగా అరుగుతుంది. చిన్న గతుకుల మీద పొడిగా వచ్చే టకటకకు నేను ముందుగా అనుమానించేది లింక్ రాడ్డును. మన షెడ్లలో జంపింగ్ రాడ్ అనేది దీన్నే. బండి వంపుల్లో పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బారును ఇది చక్రం వైపు కలుపుతుంది. రెండు కొసల్లోనూ గోలీకాయంత బాల్ జాయింటు, దాని మీద రబ్బరు తొడుగు ఉంటాయి. ఆ తొడుగు ఎక్కడైనా చిట్లితే వానల్లో ఎర్రమట్టి నీళ్లు లోపలికి పోయి గ్రీజును కడిగేస్తాయి, మిగిలిన ఇసుక గోళీని అరగదీస్తుంది. అర మిల్లీమీటరు వదులున్నా చాలు, లోపల కూర్చున్నవాళ్లకు సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంది.

ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయొచ్చు. ముందు డిక్కీలో జాకీ, పానాలు, స్టెప్నీ తీసి పక్కన పెట్టండి. వాటి చప్పుడే చక్రం దగ్గర వచ్చినట్టు అనిపించడం మామూలే. తర్వాత ఒక స్పీడ్ బ్రేకర్ మీదికి నేరుగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా 10 స్పీడులో పోనివ్వండి. ఆ తర్వాత అదే స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కేలా దాటండి. నేరుగా దాటినప్పుడు రెండు చక్రాలూ కలిసి లేస్తాయి కనుక స్టెబిలైజర్ బారు వాటితోపాటే తిరుగుతుంది, లింక్ రాడ్డు మీద లాగుడు దాదాపు ఉండదు. ఏటవాలుగా ఎక్కితే ఒక పక్క లాగుతుంది, ఇంకో పక్క తోస్తుంది. చప్పుడు ఏటవాలులోనే వస్తే అనుమానం లింక్ రాడ్డు మీదకూ, బారును చట్రానికి పట్టి ఉంచే రబ్బరు బుష్‌ల మీదకూ పోతుంది. బుష్ అయితే చప్పుడు ‘దబ్ దబ్’మని మొద్దుగా ఉంటుంది.

అవే గతుకుల మీద బ్రేకును చాలా తేలిగ్గా నొక్కి పట్టి ఇంకోసారి పోయి చూడండి. చప్పుడు ఆగిపోతే సస్పెన్షన్ జోలికే పోనక్కర్లేదు. బ్రేకు ప్యాడ్ల క్లిప్పు ఊడిందో, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్ను అరిగిందో చూడాలి.

ఇక చేత్తో చూడటం. చాలా చోట్ల ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఒక పక్క జాకీ ఎత్తి లింక్ రాడ్డును ఊపి ‘బాగానే ఉంది’ అంటారు. ఒక చక్రం వేలాడుతుంటే బారు మెలిపడి రాడ్డును గట్టిగా లాగి ఉంచుతుంది, ఉన్న వదులు ఆ బిగువులో దాగిపోతుంది. రెండు చక్రాలూ నేల మీదే ఉండాలి, లేదంటే రెండూ సమానంగా వేలాడాలి. నేల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. స్టీరింగును పూర్తిగా ఒక వైపు తిప్పితే రాడ్డు చేతికి అందుతుంది. ఇంకొకరు పక్కన నిలబడి బండి పైకప్పు అంచు పట్టుకుని అటూ ఇటూ చకచకా ఊపాలి. మీరు రాడ్డు పై జాయింటును, తర్వాత కింది జాయింటును రెండు వేళ్లతో పట్టుకోండి. వదులుంటే టిక్కుమని వేలికి తగులుతుంది. చప్పుడు ఇనుములో పాకుతుంది, చెవి మోసపోతుంది. వేలు మోసపోదు.

ఇంకా అనుమానం ఉంటే రెండు పక్కల రాడ్లూ విప్పేసి ఊళ్లోనే నెమ్మదిగా ఒక కిలోమీటరు తిరిగి రండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. రాడ్లు లేనప్పుడు వంపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది, స్పీడు వద్దు. పాత మారుతి 800 లాంటి బండ్లలో మాత్రం ఈ పని చేయకూడదు. అక్కడ స్టెబిలైజర్ బారే కింది ఆర్మును దాని చోటులో పట్టి ఉంచుతుంది.

రాడ్డు నట్టు విప్పేటప్పుడు లోపలి పిన్ను కూడా తిరుగుతుంది. పిన్ను కొసలో అలెన్ కీ పెట్టో, వెనక పలక పానా పట్టో ఆపాలి. విప్పిన రాడ్డు పిన్నును చేత్తో తిప్పితే గట్టిగా, ఒకేలా తిరగాలి. దానంతటదే వాలిపోతే పనికిరాదు. మార్చేటప్పుడు జతగా, కొత్త నట్లతో మార్పించండి.

స్టీరింగు తిప్పినప్పుడు వచ్చే ‘టంగు’ సంగతి. బండిని నిలిపి, ఒకరు స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతుంటే మీరు చక్రం వంపులోంచి స్ప్రింగు మీద తేలిగ్గా చెయ్యి ఆనించండి. వేళ్లు చుట్ల మధ్యకు పోనివ్వకండి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా మెలితిరిగి ఒక్కసారిగా జారితే, షాకబ్జర్ పై కొసను బాడీకి పట్టి ఉంచే మౌంటులోని బేరింగు పట్టేస్తోందన్నమాట. కొత్త షాకబ్జర్లకు పాత మౌంట్లే పెట్టి ఉంటారు. లేదా స్ప్రింగు కింది కొస దాని గూట్లో ఉండే మెట్టుకు ఆని కూర్చోలేదు. పై నట్టు సరిగా బిగియకపోయినా చప్పుడు వస్తుంది. గాలి గన్నుతో బిగిస్తే షాకబ్జర్ కడ్డీ కూడా నట్టుతో తిరిగి, బిగిసినట్టే కనిపిస్తుంది. కడ్డీని ఆపి టార్క్ పానాతో బిగించాలి. ఇవన్నీ వాళ్లు చేసిన పనిలోవే కనుక మళ్లీ చార్జీ లేకుండా విప్పి చూపించమని అడగండి. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా ఆ పై నట్టును ఎవరినీ ముట్టనివ్వకండి. నొక్కుకుని ఉన్న స్ప్రింగు విడివడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక వాళ్లు మార్చాలంటున్న లోయర్ ఆర్ము సంగతి. దానికి రెండు బుష్‌లు, ఒక బాల్ జాయింటు ఉంటాయి. చక్రాన్ని ఎత్తి, బండి కింద స్టాండు పెట్టి (ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకండి), ఆర్ముకూ చక్రం పట్టుకునే నకిలుకూ మధ్య టైరు లివర్ పెట్టి ఎత్తి చూడాలి. పైకీ కిందికీ ఏ కాస్త ఆడినా బాల్ జాయింటు పోయినట్టే, ఆ బండిని నడపకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపినప్పుడు కదలిక ఉండి, ఒకరు బ్రేకు నొక్కగానే అది పోతే చక్రం బేరింగు. ఆర్ము బుష్ పోతే గుర్తు ఇంకోలా ఉంటుంది: బ్రేకు వేసినప్పుడో, ఆగి కదిలినప్పుడో ఒక్కసారి ‘డబ్’మంటుంది. మీరు అలాంటిది రాయలేదు.

ఎప్పుడైనా ఆర్ములు మార్చాల్సి వస్తే బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే జరగాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది. బుష్‌ల మీద డీజిలు, పాత ఇంజను ఆయిలు కొట్టనివ్వకండి, రబ్బరు ఉబ్బి చెడుతుంది. షాకబ్జర్లు విప్పారు కనుక వీల్ అలైన్‌మెంటు తప్పదు.

ప్రశ్న: పొట్టంగి నుంచి సుంకి ఘాటు మీదుగా సాలూరుకు కూరగాయలు వేస్తాను. పికప్పుకు వెనక కమాను పట్టీలు. లోడుతో దిగేటప్పుడు చప్పుడు లేదు. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు వెనక గడగడ. ఈ మధ్య స్టీరింగు కూడా కాస్త పక్కకు లాగుతోంది.

జవాబు: స్టీరింగు లాగుతోందన్న ముక్క నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ముందు అది తేల్చండి. చదునైన చోట స్టీరింగు నేరుగా పెట్టి, ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డుకు టేపు పట్టండి. రెండు పక్కలా కొలత ఒకటే రావాలి. సెంటీమీటరు తేడా ఉన్నా కమాను సెంటర్ బోల్టు తెగి, ఇరుసు వెనక్కో ముందుకో జరిగి ఉండొచ్చు. ఘాటులో లోడుతో దిగే ముందే ఇది చూపించాలి, ఒక్క ట్రిప్పు కూడా వాయిదా వద్దు.

సెంటర్ బోల్టు బరువు మోయడానికి కాదు, పట్టీలను వరసలో నిలపడానికి, ఇరుసు మీద చోటు చూపడానికి. ఇరుసును పట్టి ఉంచేది యూ బోల్టుల (కమానును ఇరుసుకు కట్టే వంపు బోల్టులు) బిగింపు. అవి వదులైతే బ్రేకు వేసినప్పుడల్లా ఆ తోపుడంతా సన్నటి సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. కొత్త బోల్టు ఒక్కటే వేసి వదిలేస్తే మళ్లీ తెగుతుంది. యూ బోల్టులూ నట్లూ కొత్తవి వేయించి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. లోడుతో 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి. పట్టీల మధ్య రంగు, తుప్పు నలిగి కట్ట కాస్త పలచబడుతుంది.

ఖాళీ గడగడ షాకిల్ (కమాను కొసను చట్రానికి కలిపే ఊగే లంకె) పిన్నుల వల్ల కావచ్చు. లోడున్నప్పుడు పిన్ను బుష్‌కు ఒకే పక్క ఆని ఉంటుంది. ఖాళీగా ఎగిరినప్పుడు ఆ సందులో పైకీ కిందికీ కొట్టుకుంటుంది. చట్రాన్ని ఎత్తి ఇరుసు వేలాడేలా స్టాండ్లు పెట్టి, షాకిల్ దగ్గర లివర్‌తో ఊపండి. గ్రీజు కూడా అలాగే పట్టాలి, నల్లటి పాత గ్రీజు బయటికొచ్చేదాకా. బరువు మీద ఉండగా గ్రీజు గన్ను ఎంత నొక్కినా, బుష్‌కు ఆనుకున్న వైపు గ్రీజు చేరదు. ఎర్రమట్టి దారి బండికి నెలకోసారి పట్టండి. రబ్బరు బుష్‌లుంటే మాత్రం గ్రీజు వద్దు. పట్టీలను చుట్టి ఉంచే క్లిప్పులు తెరుచుకున్నా ఇదే గడగడ.

మెయిన్ పట్టీ కొసన చుట్టిన కంటి దగ్గరా, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరా వైరు బ్రష్షుతో రుద్ది పగుళ్లు చూడండి. పగిలిన పట్టీకి వెల్డింగు పెట్టించకండి, ఆ వేడికి ఉక్కులోని పదును పోయి పక్కనే విరుగుతుంది.

ప్రశ్న: రాయగడలో ఉంటాం. బైకు ముందు బ్రేకు వేస్తే హ్యాండిల్ దగ్గర ‘టక్’మంటోంది. ఫోర్కు రిపేరంటున్నారు.

జవాబు: ముందు కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే గోళీల బేరింగు చూడండి. ముందు బ్రేకు నొక్కి పట్టి బండిని ముందుకూ వెనక్కూ తోస్తూ, ఫోర్కు పై పట్టీకీ ఫ్రేముకూ మధ్య సందులో వేలు పెట్టండి. అక్కడ తగిలితే కోన్ సెట్టే. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం ఎత్తి, హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా నడిమధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే గిన్నెల్లో గుంటలు పడ్డాయి, బిగించినా లాభం లేదు. పైనా కిందా గిన్నెలు, కోన్లు, గోళీలు అన్నీ కలిపి మార్పించాలి. గాడి లేకపోతే బిగిస్తే సరిపోతుంది. బిగించాక హ్యాండిల్‌ను కాస్త తోసి వదిలితే తన బరువుకు తానే పక్కకు వాలాలి, వాలకపోతే ఎక్కువ బిగించినట్టు.