గుండె మార్పిడికి పేరు రాయించాం... ఎన్నాళ్లు ఆగాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి. మావారికి 43 ఏళ్లు. గుండె పెద్దదై పంపింగ్ 20 శాతానికి పడిపోయింది. మందులు వాడుతున్నా ఈ ఏడాది రెండుసార్లు ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చాం. విశాఖలో గుండె మార్పిడికి పేరు రాయించాం. బ్లడ్ గ్రూప్ ఓ పాజిటివ్. ఎన్నాళ్లు పడుతుంది? విశాఖకు మకాం మార్చాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎన్నాళ్లని ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేరమ్మా. కిడ్నీ అయితే ఇంట్లోవాళ్లు ఒకటి ఇవ్వొచ్చు. గుండెకు ఆ వీల్లేదు. బ్రెయిన్ డెడ్ అయి (మెదడు ఇక కోలుకోలేనంతగా ఆగిపోయి), వెంటిలేటర్ మీద గుండె ఇంకా కొట్టుకుంటున్న మనిషి నుంచే తీసుకోవాలి. ఇంటి దగ్గర పోయినవారి కళ్లు పనికొస్తాయి గానీ గుండె పనికిరాదు. బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ తర్వాత కుటుంబం ఒప్పుకోవాలి. ఛాతీ ఇంకా కదులుతుంటే ‘మావాడు పోయాడు’ అని నమ్మడం ఎవరికైనా కష్టమే, వాళ్లను తప్పుపట్టలేం. ఇన్ని దాటి వచ్చిన గుండె కూడా బలంగా ఉండాలి, మీవారి శరీర సైజుకు సరిపోవాలి. ఓ గ్రూపువారికి ఓ గ్రూపు గుండే కావాలి కాబట్టి నిరీక్షణ కాస్త ఎక్కువే ఉంటుంది.

తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. అందుకే ఫోన్ రాగానే బయల్దేరగలగాలి. మీవారు ఇంట్లో నిలకడగా ఉంటే ఇప్పుడే మకాం మార్చక్కర్లేదు. కారు మాట్లాడి ఉంచుకోండి, ఇద్దరు ముగ్గురు బంధువుల నంబర్లు కూడా ఆసుపత్రిలో ఇవ్వండి, ఊరు దాటితే అక్కడ మార్పిడి వ్యవహారాలు చూసే కోఆర్డినేటర్‌కు చెప్పండి. మళ్లీ మళ్లీ చేర్చాల్సి వస్తుంటే మాత్రం విశాఖలో ఉండటమే మేలు. పరిస్థితి విషమిస్తే జాబితాలో ప్రాధాన్యం కూడా మారుతుంది, కాబట్టి ఏ మార్పునూ దాచొద్దు. ‘డబ్బిస్తే ముందుకు జరుపుతాం’ అనేవాళ్లను గుమ్మం ఎక్కనివ్వకండి. కేటాయింపు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారానే జరుగుతుంది, అవయవాలు కొనడం నేరం.

ఈలోగా ఒక్క మాత్ర కూడా మానొద్దు. రోజూ పొద్దున్నే బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, వెంటనే ఫోన్ చేయండి. ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, ఎండుచేప పక్కన పెట్టాల్సిందే (మన ప్రాంతంలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు). పుచ్చు పళ్లుంటే మీ గుండె డాక్టరును అడిగి ఇప్పుడే బాగుచేయించండి. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడాలి, అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ముదురుతుంది.