తలకు దెబ్బ తగిలి డిశ్చార్జి అయ్యాక థెరపీ వరంగల్‌లోనా, హైదరాబాద్‌లోనా?

చెల్లె, భూమి అమ్మి హైదరాబాద్‌లో నెలల తరబడి పెట్టాలన్న ఆలోచన ఇప్పుడే చేయకండి. మీ ఆయనకు బైక్ యాక్సిడెంట్‌లో తలకు ఎడమ వైపు దెబ్బ తగిలి ఆపరేషన్ అయింది, కుడి చెయ్యి, కుడి కాలు రావట్లేదు, మాట తడబడుతోంది, వచ్చే వారం డిశ్చార్జి అంటున్నారు, మీ ఊరు పర్కాల దగ్గర, వరంగల్‌లో అన్నీ ఒకేచోట చూసే రిహాబిలిటేషన్ సెంటర్ ఉందా అని అడిగారు కదా. మా తమ్ముడికి కూడా ఇట్లాగే జరిగింది. హసన్‌పర్తి దాటాక రాత్రి పూట పడ్డాడు, హెల్మెట్ లేదు. ఇప్పుడు వాడు నడుస్తాడు, మాట్లాడతాడు, రోజూ షాపుకు వెళ్తాడు. నేను డాక్టర్ని కాదు, వాడితో ఉండి చూసింది, డాక్టర్లు, థెరపిస్టులు చెప్పింది రాస్తున్నాను.

అన్నీ ఒకేచోట అంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరో రిహాబిలిటేషన్ విభాగం ఉంది, వెల్లూరు సీఎంసీ వాళ్లకు బాగాయంలో రిహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ఒకే పేషెంట్‌ను రిహాబ్ డాక్టర్, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్లీ నేర్పేవాళ్లు), స్పీచ్ థెరపిస్ట్, సైకాలజిస్ట్ కలిసి చూస్తారు. మన దగ్గర ఇవన్నీ తలా ఒక దిక్కున ఉంటాయి. ఆపరేషన్‌కు వరంగల్ ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎం ఉంది, హన్మకొండలో ప్రైవేటు న్యూరో ఆస్పత్రులు ఉన్నాయి, ప్రాణం కాపాడే దగ్గర మనవైపు ఇదివరకటి కంటే చాలా మెరుగు. కానీ డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టాక ఎవరిని అడగాలో చెప్పే మనిషి ఉండడు. మా తమ్ముడు ఉన్న ఆస్పత్రిలో చివరి రోజు "ఇక ఫిజియో చేయించండి" అన్నారు, అంతే. ఏ ఫిజియో, రోజుకు ఎంతసేపు, మాట సంగతేంటి, కోపం సంగతేంటి, ఒక్కటీ చెప్పలేదు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లయితే ఆ ఒక్క ముక్క పట్టుకొని ఇంటికి పోయి మంచంలో పడుకోబెట్టి ఎదురుచూస్తారు. కీళ్లు బిగుసుకుపోయేది అప్పుడే. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పెద్ద సెంటర్‌కు ఒకసారి వెళ్లండి, కానీ ఉండిపోవడానికి కాదు, నేర్చుకోవడానికి. గాయాలు మాని, జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా స్థిరంగా ఉన్నాడని మీ న్యూరోసర్జన్ అన్నాక కొన్ని వారాలకు వెళ్లండి. వెంట వెళ్లాల్సింది రేపు ఇంట్లో ఆయన్ను చూసుకునే మనిషి, అంటే మీరు, లేదా మీ అత్తమ్మ. కారు నడపడం వచ్చిన బావగారు వెళ్లి వస్తే ఆ నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే ఉండిపోతుంది. మా ఇంట్లో అమ్మ, మా మరదలు ఇద్దరూ వెళ్లారు. మంచం మీంచి కుర్చీలోకి ఎట్లా మార్చాలి, చొక్కా ఏ చెయ్యి ముందు తొడగాలి (రాని చెయ్యి ముందు), మింగేటప్పుడు గడ్డం ఎట్లా పెట్టాలి, ఇవన్నీ అక్కడ వాళ్ల చేతులతో చేయించి నేర్పారు. ఎందుకంటే థెరపిస్ట్ వచ్చేది రోజుకు ఒక గంట, మిగతా గంటలన్నీ ఇంట్లో వాళ్లవే. మెదడు మళ్లీ నేర్చుకునేది అదే పనిని మళ్లీ మళ్లీ చేస్తేనే, అది కూడా తాను రోజూ ఉండే చోట. కాట్పాడికి వరంగల్ నుంచి నేరుగా రైళ్లు ఉన్నాయి, అక్కడ దిగితే వెల్లూరు పక్కనే.

డిశ్చార్జి కాకముందే వార్డులో నర్సమ్మను బతిమాలైనా సరే కొన్ని నేర్చుకోండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ముక్కు పైపు ఉంటే దాంతో తిండి పెట్టడం, యూరిన్ పైపు శుభ్రం. ఆపరేషన్‌లో పుర్రె ఎముక ముక్క తీశారా అని కచ్చితంగా అడగండి, తీస్తే అది ఎక్కడ దాచారు (కొందరికి పొట్ట చర్మం కింద పెడతారు), మళ్లీ ఎప్పుడు పెడతారు అని రాయించుకోండి. అప్పటిదాకా ఆ వైపు ఒత్తిడి పడకూడదు, నడక మొదలుపెడితే తలకు రక్షణ టోపీ ఉండాలి. రాని చెయ్యి పట్టుకొని ఎవరూ లాగి లేపొద్దు, భుజం కీలు జారుతుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలే ఈ పని ఎక్కువ చేస్తారు, ప్రేమతోనే చేస్తారు, అయినా ఆపాలి. మింగడం కష్టంగా ఉంటే పల్చటి నీళ్ల కంటే చిక్కటి జావ సులువుగా దిగుతుంది, తాగాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. నీళ్లు తాగినప్పుడల్లా దగ్గు వస్తే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, డాక్టర్‌కు చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

ఇక అసలు విషయం. కాలు చెయ్యి సంగతి అందరూ అడుగుతారు, తలలోపలి సంగతి ఎవరూ అడగరు. మా తమ్ముడు నడక మొదలుపెట్టాక చుట్టాలంతా బాగైపోయాడని సంతోషపడ్డారు, ఇంట్లో కష్టం మొదలైంది అప్పుడే. పొద్దున తిన్నది గుర్తుండదు, అడిగిందే అడుగుతాడు, చిన్నదానికి పళ్లెం విసిరికొడతాడు, ఐదు నిమిషాల తర్వాత ఏమీ జరగనట్టు నవ్వుతాడు. ఊళ్లో తలో మాట. గాలి సోకిందన్నారు, పెళ్లాం సరిగా చూడట్లేదన్నారు. మెదడు ముందు భాగం దెబ్బతింటే కోపాన్ని ఆపే బ్రేక్ పోతుంది, అది ఆయన గుణం కాదు, గాయం. ఈ ఒక్క మాట మీ అత్తమామలకు, మీ పిల్లలకు ముందే చెప్పి పెట్టుకోండి. మరదలిని ఎవరైనా ఒక్క మాట అంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కోపం గురించి ఇంకోటి. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ అనే మందు చాలామందికి ఇస్తారు, కొందరిలో దానివల్ల కూడా చిరాకు, కోపం పెరుగుతాయి. అట్లా అనిపిస్తే న్యూరాలజిస్ట్‌ను అడగండి, వేరే మందుకు మార్చే వీలుంటుంది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏ ఉపయోగం లేదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. దావత్‌లో కొంచెం కల్లు తాగితే ఏం కాదు అనేవాళ్లు ఉంటారు. కల్లు కూడా వద్దు, మద్యం అసలే వద్దు, దెబ్బతిన్న మెదడుకు అది ఫిట్స్‌ను పిలవడమే.

చప్పుడు కూడా వాళ్లకు పడదు. బతుకమ్మ రోజుల్లో వీధిలో డీజే పెడితే మా వాడు చెవులు మూసుకొని ఏడ్చాడు. పరామర్శకు పదిమంది ఒకేసారి వచ్చి మంచం చుట్టూ కూర్చొని "నన్ను గుర్తుపట్టినవా" అని తలా ఒకసారి అడిగితే ఆ రోజంతా అలసిపోయి పడుకుంటాడు. ఇద్దరు ఇద్దరు చొప్పున, కాసేపు, టీవీ బంద్ చేసి. మొహమాటం పడకుండా గుమ్మం దగ్గరే చెప్పేయండి.

మాట సంగతికి వస్తే, చాలామందిలో భాష మెదడు ఎడమ వైపే ఉంటుంది, అందుకే మీ ఆయనకు మాట తడబడుతోంది, తెలివి పోయిందని కాదు. మా తమ్ముడికి తన పేరు కంటే ముందు తిట్లు వచ్చాయి, మా అమ్మ భయపడిపోయింది. స్పీచ్ థెరపిస్ట్ చెప్పిందేంటంటే అంకెలు, వారాల పేర్లు, పాటలు, తిట్లు ఆలోచించకుండా వచ్చే మాటలు, అవి ముందు రావడం మామూలే, వాటినే పట్టుకొని ముందుకు పోవాలట. నిజంగానే ఒకటి నుంచి పది లెక్కపెట్టడం నుంచి మొదలుపెట్టారు. హన్మకొండలో ఫిజియోలు బాగానే దొరుకుతారు, ఇంటికీ వస్తారు. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపిస్టులు మాత్రం నేను చూసినంతలో ఎక్కువగా పిల్లల సెంటర్లలో ఉన్నారు, అక్కడికే వెళ్లి పెద్దవాళ్లను చూస్తారా అని అడగండి, కొందరు చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, మాట, వినికిడి సమస్యలు చూస్తారు. పొద్దున రైలుకు కాజీపేటలో ఎక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అక్కడ పరీక్ష చేయించి, ఇంట్లో చేయాల్సినవి రాయించుకుని, మధ్యమధ్యలో చూపించుకుంటే సరిపోతుంది.

మా వాడిది మోటార్ వైండింగ్ షాపు. పుస్తకాల్లో బొమ్మలు చూపించి పేర్లు అడిగితే విసుక్కునేవాడు, షాపులోంచి స్పానర్లు, బేరింగులు, రాగి తీగ తెచ్చి ముందు పెడితే కూర్చున్నాడు. సైజుల వారీగా వేరు చేయడం, తర్వాత కాయిల్ చుట్టడం. చుట్లు లెక్కపెడుతూ మధ్యలో మర్చిపోయేవాడు, మళ్లీ మొదటి నుంచి. దానికే వాడి చెయ్యి, ధ్యాస, జ్ఞాపకం మూడూ పనిచేశాయి. మీ ఆయన వ్యవసాయం చేస్తారో, డ్రైవరో మీరు రాయలేదు, ఏ పనైతే ఆ పనిలోంచే తీసుకోండి. కోలుకోవడం మొదటి 6 నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు, రెండేళ్ల తర్వాత కూడా మా వాడిలో కొత్త మార్పులు చూశాం. పసరు మందుకు తీసుకుపోదాం అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఆ డబ్బు, ఆ ప్రయాణం ఫిజియోకు పెట్టండి.

డబ్బుల గురించి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలు అయింది, ఆపరేషన్, ఐసీయూకి మాకు అక్కరకొచ్చింది, ఇంటి దగ్గర నెలల తరబడి చేయించిన థెరపీ మాత్రం జేబులోంచే. అందుకే యాక్సిడెంట్ క్లెయిమ్ వదలకండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో 6 నెలల్లోపు వేయాలని చట్టంలో ఉంది. ఇప్పటిదాకా అయిన బిల్లులే కాదు, ముందుముందు అయ్యే వైద్యం, చూసుకునే మనిషి ఖర్చు కూడా అడగొచ్చు. ఎఫ్‌ఐఆర్, డిశ్చార్జి సమ్మరీ, సీటీ స్కాన్, ఫిజియోకు ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు దాచండి. వకీలుకు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు, దివ్యాంగులకు ఉచితంగా వకీలును ఇస్తారు, ఫోన్ నంబర్ 15100.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పేది), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దగ్గర ఒక మెలిక ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, బ్రెయిన్ ఇంజురీ పేరుతో విడిగా ఏదీ లేదు. కాబట్టి క్యాంపులో చెయ్యి, కాలు ఒక్కటే చూపించి వచ్చేయొద్దు. మెదడు దెబ్బతో మాట పోవడం మాట, భాష వైకల్యం కింద వస్తుంది, దానికి స్పీచ్ రిపోర్టు పట్టుకెళ్లండి, ప్రవర్తన, జ్ఞాపకం సమస్యలకు సైకాలజీ పరీక్షల రిపోర్టు పట్టుకెళ్లండి. అన్నీ కలిపి చూసినప్పుడే శాతం సరిగా వస్తుంది, కనీసం 40 శాతం ఉంటేనే పెన్షన్, బస్సు రాయితీ. పెన్షన్‌ను 2023లో 4016 రూపాయలు చేశారు. కోలుకునే అవకాశం ఉన్నన్ని నెలలు శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వకపోవచ్చు, తాత్కాలికంది ఇచ్చినా తీసుకోండి. వీల్‌చైర్ కొనేముందు కలెక్టరేట్‌లో దివ్యాంగుల సంక్షేమ శాఖలో అడగండి, కేంద్ర పథకం కింద క్యాంపులు పెట్టి ఉచితంగా ఇస్తుంటారు.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు చెల్లె. రాత్రి తిప్పి పడుకోబెట్టే డ్యూటీ మీరొక్కరే చేయకండి, వారానికి రెండు రాత్రులైనా మీ మరిదికో ఆడబిడ్డకో అప్పగించండి, ఇప్పుడే మాట తీసుకోండి, తర్వాత ఎవరూ రారు. మరీ భారంగా అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, అది మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు, మా మరదలు చేసింది. డిశ్చార్జి సమ్మరీ వచ్చాక పేరు, నంబర్లు కొట్టేసి ఏం రాశారో ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా ఎముక గురించి, ఫిట్స్ మందు గురించి. పర్కాల వైపు ఇంటికొచ్చే ఫిజియో ఎవరైనా తెలిస్తే ఇది చదివేవాళ్లు కూడా చెప్పండి.