అప్‌లోడ్ చేసేముందు ఒత్తులు చూసుకోండి, డబ్బుల సంగతి తర్వాత

కథల పుస్తకం ప్రింట్ ఆన్ డిమాండ్‌లో వేసి ఆన్‌లైన్‌లో పెడితే ఏమన్నా మిగుల్తుందా, ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్‌కి, ఎంత కట్టాలి అని అడిగారు కదా. రెండోది ముందు చెప్పేస్తా, పైసా కట్టక్కర్లేదు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఫ్రీ, కేంద్ర ప్రభుత్వం కింద ఉండే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత తన పేరు మీదే అప్లై చేసుకోవచ్చు. దీనికీ వేలల్లో ప్యాకేజీలు చెప్పేవాళ్ళున్నారు, దయచేసి కట్టకండి.

మిగలడం అంటారా, కొంచెమే. మామూలు ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఒకేసారి వెయ్యి వేస్తే కాపీ రేటు బాగా పడిపోతుంది, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఆర్డరొచ్చినప్పుడల్లా ఒక్కోటి తీస్తారు కాబట్టి రేటు ఎక్కువే. ఎమ్మార్పీలోంచి ప్రింటింగు, కమిషను పోగా ఉన్నదే మీది. పోతీ, నోషన్ ప్రెస్ లాంటి ప్రింట్ ఆన్ డిమాండ్ కంపెనీల సొంత స్టోర్‌లో అమ్ముడైతే కాస్త ఎక్కువొస్తుంది, అదే పుస్తకం అమెజాన్‌లో పోతే తక్కువ. అయినా నేను దీనివైపే. మా నాన్నగారి మొదటి పుస్తకం ప్రెస్సులో ఐదొందలు వేయించాం, మూడొందల పైన ఇంకా అటక మీదే ఉన్నాయి, వానాకాలం వస్తే అట్టలు వంకర్లు పోతున్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కానీ నా బాధ డబ్బు కాదండీ, ఒత్తులు.

నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. రెండో పుస్తకం ఆయన బడి జ్ఞాపకాలు, నేనే యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో అయినా చదవగలిగే తెలుగు) టైపు చేశా, పేజీలు పెట్టడానికి ఒకాయనకి ఇచ్చా, ఆయన ఎప్పుడూ ఇంగ్లీషు పుస్తకాలే చేస్తాడు, ఇన్‌డిజైన్ అనే పేజీ లేఔట్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు పెట్టి పీడీఎఫ్ పంపితే నేను ఫోన్‌లో అట్ట చూసి అప్‌లోడ్ చేసేశా. ప్రూఫ్ కాపీ వచ్చింది. కాగితం బాగుంది, బైండింగ్ బాగుంది, నాన్నగారు భూతద్దం పెట్టుకుని మొదటి పేజీ తీసి, "ఏరా, అమ్మని ఇలా ఎవడు రాశాడు?" అన్నారు. చూస్తే 'అమ్‌మ' అని ఉంది. కింద 'తమ్‌ముడు', ఆ కింద 'కృష్‌ణ'. పుస్తకం మొత్తం అంతే. వద్దు నాన్నా, అది సాఫ్ట్‌వేర్ తప్పు, మళ్ళీ చేయిస్తా అన్నా వినలేదు, ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కో మాట కొట్టేసి పైన గుండ్రటి అక్షరాలతో సరిగ్గా రాసుకుంటూ కూర్చున్నారు. పిల్లల కాపీ పుస్తకం దిద్దినట్టే. భోజనానికి లేచేసరికి ముప్ఫై పేజీలయ్యాయి. ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టకపోతే తెలుగు ఒత్తులు అక్షరానికి అతుక్కోవు. ప్రింట్ చేసేవాళ్ళు మీ పుస్తకం చదవరు, మీరిచ్చిన పీడీఎఫ్ ఉన్నదున్నట్టు అచ్చేస్తారు. డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్స్‌లో చేయిస్తే ఈ గొడవ ఉండదు అని ఎవరన్నా చెప్తారు, వినకండి, అది యూనికోడ్ కాదు, రేపు ఈబుక్ చేయాలంటే మార్చాలి, మార్చాక మళ్ళీ అక్షరం అక్షరం దిద్దాలి. మండలి, సూరన్న, గిడుగు లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతుంటే ఇంకా ఎందుకు? ఈబుక్ అంటే గుర్తొచ్చింది, 2016లో అమెజాన్ వాళ్ళ ఈబుక్ స్టోర్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, మన తెలుగు ఆ లిస్టులో లేదు, ఇన్ని కోట్లమందిమి ఉండి. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

ఇంకోటి. కొన్నది ఎవరో మీకు తెలీదు, రిపోర్టులో ఎన్ని పోయాయో అంకె కనపడుతుందంతే. నాన్నగారు రోజూ "ఎవరు కొన్నారో కనుక్కోరా" అనేవారు, అందుకని సరిచేసిన ఫైల్‌లో చివరి పేజీలో మా ఫోన్ నంబర్ పెట్టా. మీరూ పెట్టండి. మొన్న ఆదిలాబాద్ నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది, ఆవిడా నాన్నగారూ ఎక్కాల గురించి ముప్పావుగంట మాట్లాడుకున్నారు.