దాల్చిన నూనె తీయబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశావట, స్నేహితురాలితో కలిసి కేరళలో కన్నూరు దగ్గర పాత డిస్టిలేషన్ షెడ్డు ఒకటి లీజుకి తీసుకున్నావట, దాల్చిన నూనె తీస్తావట. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. కొచ్చిలో మసాలా నూనెల ల్యాబ్‌లో జుట్టు నెరిసినదాన్ని. మనింట్లో ఈ పిచ్చి ఇంకొకరికి పట్టిందని లోపల గర్వంగానే ఉంది. నాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదని కోపంగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

బాయిలర్‌కి సర్టిఫికెట్, సేఫ్టీ వాల్వ్, ఎండాకాలంలో కూడా ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కి చాలినన్ని నీళ్లు. ఇవి నీకు తెలుసు. ఆకు, చెక్క వేసి ఆవిరి పట్టే పాత్ర స్టీలుదే కొను. ఇనుము తగిలితే యూజినాల్ (లవంగానికి ఘాటునిచ్చే పదార్థం) ఉన్న నూనె నల్లబడుతుంది, ఆ రంగు చూసి కొనేవాడు ధర కోస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. "దాల్చిన నూనె" అని నువ్వు అంటే నాకు ఏమీ అర్థం కాదు. ఏ చెట్టు, అందులో ఏ భాగం? సిలోన్ దాల్చిన చెట్టు ఒక్కదాన్నే తీసుకో. దాని చెక్క నూనెలో నూటికి 60 నుంచి 75 వంతుల దాకా సిన్నమాల్డిహైడ్ ఉంటుంది. మనం దాల్చినచెక్క వాసన అనుకునేది అదే. అదే చెట్టు ఆకులో ఆ పదార్థం కాస్తే. ఆకు నూనెలో 70 నుంచి 85 వంతులు యూజినాల్, అంటే లవంగం ఘాటు, పళ్ల డాక్టరు గది వాసన. ఇక వేరు బెరడు నూనెలో ఎక్కువ భాగం కర్పూరమే. చెట్టు ఒకటే, సరుకులు మూడు. ధరలు కూడా ఎక్కడా పొంతన ఉండవు, చెక్క నూనె ఆకు నూనె కంటే చాలా ఖరీదు. అందుకే రెండోదాన్ని మొదటిదాంట్లో కలిపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మన కిరాణా కొట్లలో మందంగా, గట్టిగా దొరికేది ఎక్కువగా కాసియా అనే వేరే చెట్టు చెక్క. దాని నూనెలో సిన్నమాల్డిహైడ్ ఇంకా ఎక్కువ, యూజినాల్ దాదాపు ఉండదు, పైగా కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. కౌమరిన్ ఎక్కువైతే కాలేయానికి చేటు కాబట్టి యూరప్ వాళ్లు దాన్ని పట్టి పట్టి చూస్తారు.

ఇక మీ పెదనాన్న కథ. "రాసెయ్, ఇప్పుడు నాకేం సిగ్గు" అని ఆయనే అన్నారు, అందుకే రాస్తున్నాను. మా పెళ్లైన కొత్తలో ఆయన వయనాడ్‌లో నిమ్మగడ్డి నూనె తీసేవారు. ధర పడిపోయిన ఏడాది, దగ్గర్లో దాల్చిన తోట ఉన్న ఒక కుటుంబం దగ్గర ఆకు కొన్నారు. నీడలో ఆరబెట్టారు, పాత్ర నింపారు, పొద్దుటి నుంచి పొయ్యి మండించారు. సాయంత్రానికి నూనెనీ నీళ్లనీ విడదీసే సెపరేటర్‌లో నీళ్ల మీద పల్చటి జిడ్డు తప్ప ఏమీ లేదు. మర్నాడూ అంతే. ఆకు ముదిరిందన్నారు, ఎక్కువ ఎండిందన్నారు, చివరికి ఆ కుటుంబం వేరే ఆకు ఏదో కలిపి ఇచ్చిందని తేల్చేశారు. ఆ పెద్దాయన షెడ్డు దాకా వచ్చి నిలబడితే, మిగతా డబ్బు ఇవ్వనని మొహం మీదే చెప్పారు.

ఆ ఆదివారం నేను అక్కడికి వెళ్లాను. షెడ్డు వెనక కాలువ పక్కన నడుస్తుంటే గుప్పుమని లవంగం వాసన. స్టీలు గ్లాసుతో ఆ నీళ్లు ముంచి కదలకుండా పెట్టాను. కాసేపటికి అడుగున గోధుమరంగు పూసలు ఒకదానితో ఒకటి కలిసిపోతూ పేరుకున్నాయి. నిమ్మగడ్డి నూనె నీళ్ల కంటే తేలిక, పైన తేలుతుంది. అందుకని ఆ సెపరేటర్‌కి నీళ్లు బయటికి పోయే గొట్టం అడుగు నుంచి పెట్టారు. యూజినాల్ నీళ్ల కంటే బరువు, ఆకు నూనె సాంద్రత 1.04 దగ్గర ఉంటుంది. రెండు రోజుల నూనె నీళ్లతో పాటు నేరుగా కాలువలోకి పోయింది. పైన కనిపించిన జిడ్డు, ఆ నూనెలో ఉండే టెర్పీన్‌లు అనే తేలిక పదార్థాలు అయ్యుంటాయి.

గొట్టం మార్చడం ఒక పూట పని. మీ పెదనాన్న డబ్బు పట్టుకుని ఆ ఇంటికి తనే వెళ్లారు. వాళ్లు లెక్కపెట్టుకుని తీసుకున్నారు, కాఫీ ఇచ్చారు, ఆకు మాత్రం మళ్లీ ఎప్పుడూ అమ్మలేదు. ఇప్పటికీ ఆయన భోజనం దగ్గర ఆ సంగతి ఎత్తితే పెరుగు కలుపుకోకుండా లేచిపోతారు. నూనె రాకపోతే ముందు నీ గొట్టాలు చూసుకో తల్లీ, ఆ తర్వాత ఎవర్నైనా అను.

చెక్క నూనెతో ఇంకో చిక్కు ఉంది. దాని బరువు నీళ్లకి మరీ దగ్గర, కొంచెమే ఎక్కువ. నూనె సన్నటి తుంపరలుగా నీళ్లలోనే వేలాడి, నీళ్లు పాలలా కనిపిస్తాయి. ఆ పాలనీళ్లు పారబోయకు. వరుసగా తొట్లలో తేరనివ్వు, మిగిలిన నీళ్లు మళ్లీ పాత్రలో పొయ్. మంచి దాల్చినచెక్క చుట్టలు ఎప్పుడూ ఉడకబెట్టకు, చుట్టలుగానే అమ్ముకో. చెక్క ఒలిచినప్పుడు మిగిలే ముక్కలూ పొట్టూ నూనెకి చాలు.

ప్రతి బ్యాచ్‌కీ జీసీ రిపోర్ట్ (నూనెలో ఏ పదార్థం ఎంతుందో చెప్పే ల్యాబ్ పరీక్ష) తీయించు, ఖర్చని ఏడవకు. రోజువారీకి మాత్రం నా పాత పద్ధతి: ఆల్కహాల్‌లో ఒక చుక్క నూనె, మీద ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం. చెక్క నూనె లేత ఆకుపచ్చగా మారుతుంది. నీలం తిరిగిందంటే ఆకు నూనె కలిసింది, గోధుమరంగు అయితే కాసియా అని అనుమానించు. ఫ్యాక్టరీలో తయారైన చవక సిన్నమాల్డిహైడ్ కలిపితే ఈ చుక్కకి తెలియదు. అది "కొంచెం కలిపితే ఏం పోతుందక్కా" అంటూ ఎవడో ఒకడు మీ షెడ్డుకి తప్పకుండా వస్తాడు. టీ ఇచ్చి పంపించెయ్.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మాట. పిల్లల జలుబుకి రోల్-ఆన్ చేసి అమ్ముతావని మీ అమ్మ చెప్పింది. వద్దు. చెక్క నూనె ఏమీ కలపకుండా నేరుగా వాడితే చర్మం కాల్చినట్టు ఎర్రబడుతుంది, ఒకసారి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. సిన్నమాల్డిహైడ్, యూజినాల్ రెండూ యూరప్ కాస్మెటిక్స్ లేబుల్ మీద పేరు రాయాల్సిన అలెర్జీ పదార్థాలు. కర్పూరమైతే చంటిపిల్లలకి మూర్ఛ తెప్పించగలదు. ల్యాబ్‌లో గ్లవ్స్ లేకుండా చెయ్యి తుడుచుకుని, అదే చెయ్యి కంటికి రాసుకున్న కుర్రాణ్ణి నేనే కుళాయి కింద పట్టుకున్నాను. ఆ అరుపు ఇంకా చెవిలో ఉంది. తిడుతున్నానని అనుకో, పర్వాలేదు. సబ్బుల వాళ్లకీ, మసాలా కంపెనీలకీ అమ్ముకో, పసిపిల్లల జోలికి పోకు.

కర్పూరం చెట్టు ఆకు కూడా చూద్దామంటున్నావట. అది ఒకటే జాతి, కానీ ఒక చెట్టులో కర్పూరం, ఇంకో చెట్టులో పూల వాసనుండే లినలూల్, మడగాస్కర్ చెట్లలో నీలగిరి తైలం వాసనుండే సినియోల్ ఎక్కువ. కొన్నిట్లో సాఫ్రోల్ ఎక్కువ, అది 1988 నాటి ఐక్యరాజ్యసమితి మత్తుమందుల ఒప్పందం ప్రకారం నిఘా ఉన్న పదార్థం. ఆకు పరీక్ష చేయించకుండా ఒక్క కిలో కూడా కొనకు.

మొక్కలు వేసే ఆలోచన ఉంటే కోజికోడ్ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థకి వెళ్లి నవశ్రీ, నిత్యశ్రీ అనే దాల్చిన రకాల గురించి అడుగు.

మొదటి బ్యాచ్ నాకు పంపు. ముదురురంగు గాజు సీసాలో మూతిదాకా నింపి పంపు. సగం ఖాళీగా ఉంటే గాలి తగిలి సిన్నమిక్ ఆమ్లం తయారవుతుంది, అప్పుడు నీ నూనెనే తప్పు పడతాను. సీసా మీద ఏ చెట్టు, ఏ భాగం, ఏ రోజు తీశావో రాయి. ఫెర్రిక్ క్లోరైడ్ నా దగ్గర ఇంకా ఉంది.

పెద్దమ్మ