పల్లెలో వాలంటీర్లుగా పనిచేయాలంటే ముందు ఎవరిని కలవాలి?

ఆరుగురు స్నేహితులు, వారానికి ఒక రోజు తీరిక, ఒక పేద పల్లెలో చదువుకీ ఆరోగ్యానికీ ఏదైనా చేయాలన్న కోరిక. మెడికల్ క్యాంపుతో మొదలుపెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న.

వద్దు. మేం చేసిన తప్పు అదే. ఒక ఆదివారం డాక్టర్లను తీసుకెళ్లి బీపీ చూయించి, ఎక్కువ ఉన్నవాళ్లకు నెలకు సరిపడా మాత్రలిచ్చాం. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. మూడు నెలల తర్వాత వెళ్తే ఒక పెద్దాయన దాచిపెట్టుకున్న ఖాళీ స్ట్రిప్ తీసి చూపించి, "ఇవి అయిపోయాయి బాబూ, మళ్లీ ఎప్పుడొస్తారు?" అన్నాడు. బీపీ మాత్రలు మధ్యలో ఆపకూడదని మాకు తెలియక కాదు. మేం వెళ్లిపోయాక ఎవరిస్తారన్నది ఆలోచించలేదంతే. ఆ ఊరికి వారం వారం ఒక నర్సు వస్తుందని అప్పుడే తెలిసింది. క్యాంపుకి ఆమెను పిలవనే లేదు!

రెండోసారి నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాం. ఆమె మందులు అడగలేదు. రిజిస్టరు సరిగ్గా రాసిపెట్టే మనిషి, మాత్రలకు రానివాళ్ల ఇంటికెళ్లి కనుక్కునే మనిషి కావాలంది. ఆ పని డాక్టర్లు కాని మాలాంటివాళ్లం కూడా చేయగలిగాం. ఆరోలే అనే డాక్టర్ దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో మొదలుపెట్టిన పల్లె ఆరోగ్య పనిలోనూ బలం ఊరి మనుషులే. చదువురాని ఆడవాళ్లకు కూడా శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేశారు.

బడి సంగతి ఇంకా కష్టం. "మీరొచ్చి పాటలు పాడించి వెళ్తారు, సిలబస్ నా నెత్తిన ఉంటుంది" అన్నారు మాస్టారు. నిజమే కదా. అందుకని ఒక్కొక్క పిల్లాడినీ కూర్చోబెట్టి అక్షరాలు, మాటలు, పేరా, చిన్న కథ వరసగా చదివించాం. ఐదో తరగతిలోనూ మాటల దగ్గరే ఆగిపోయినవాళ్లున్నారు. తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పడం, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ పద్ధతి. అయితే అది రోజూ జరగాలి, మేం వెళ్లేది వారానికోసారి. ఊళ్లో చదువుకున్న ఇద్దరమ్మాయిలు సాయంత్రం గంటసేపు ఒప్పుకోబట్టి నడిచింది. మేం శనివారం వెళ్లి ఎవరు ఎక్కడున్నారో చూసేవాళ్లం.

ఎంత చెప్పినా ముందుకెళ్లని ఇద్దరు పిల్లలకు సమస్య అసలు చదువులో లేదు. చూపు పరీక్షకు వాడే, ఇంగ్లిష్ 'E' ఆకారాన్ని నాలుగు వైపులకు తిప్పి వేసిన చార్టును ఆరు మీటర్ల దూరంలో పెట్టి, గీతలు ఎటు తిరిగాయో చేత్తో చూపించమన్నాం. దానికి అక్షరాలు రానక్కర్లేదు. ఇద్దరికీ చూపు ఆనలేదు. నర్సుకి చెబితే కంటి డాక్టరు దగ్గరికి పంపింది.

ఇంకొకటి. మధ్యలో మేం మూడు వారాలు ఎగ్గొట్టాం, నాలుగో వారం పిల్లలు సగం మందే వచ్చారు. ఆరుగురూ ప్రతిసారీ వెళ్లక్కర్లేదు, కనీసం ఇద్దరైనా తప్పకుండా వెళ్లేలా ముందే వంతులు వేసుకోండి.