మిడ్‌ఫీల్డర్ కావాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌నే వృత్తిగా ఎంచుకోవాలని, అందులోనూ మైదానం నడుమ బంతి కోసం పోరాడే మిడ్‌ఫీల్డర్‌గానే ఆడాలని నీవు నిశ్చయించుకున్నట్లు మీ అమ్మ చెప్పింది. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇన్నేళ్లుగా కుర్రాళ్లకు ఈ ఆట నేర్పుతున్నవాణ్ణి కనుక పనికొచ్చే మాటలే రాస్తాను. అర్థం కాని పదాలుంటే అమ్మ చేత చదివించుకో.

ఆట ముగియగానే నీవు మొదట అడిగేది బంతి ఎన్నిసార్లు అందిందన్న లెక్కేనట. ఆ మోజు తగ్గించుకో. ముప్పైసార్లు బంతి అందుకుని, మీద పడబోయే ప్రత్యర్థికి బెదిరి తోచిన వైపుకు తన్నేసేవాడికంటే, పద్దెనిమిదిసార్లే అందుకున్నా ప్రతిసారీ మనవాడి చేతికి చేర్చేవాడే జట్టుకు కావాలి. బంతి రాకముందే తల తిప్పి చుట్టూ చూశావా, ఇచ్చేశాక నిలబడిపోయావా, మళ్లీ పరుగందుకున్నావా అన్నదే క్లబ్బుల తరఫున వచ్చేవారు గమనిస్తారు.

పేరున్న మిడ్‌ఫీల్డర్ సామ్ మిచెల్ సంగతే చూడు. పెద్ద లీగైన ఏఎఫ్‌ఎల్ క్లబ్బులు ఏటా వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2000లో అతన్ని ఏ క్లబ్బూ తీసుకోలేదు. మరుసటి ఏడాది హాథార్న్ క్లబ్బు 36వ ఎంపికగా తీసుకుంది. పెద్ద వేగమున్నవాడు కాకపోయినా, ఏది అసలు కాలో ఎదుటివాడికి అంతుపట్టనంత చక్కగా రెండు కాళ్లతోనూ తన్నేవాడు కనుక, గుంపులో చిక్కుకున్నా అతనికి రెండు దారులు తెరిచే ఉండేవి. 2008లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ విజేత టైటిల్, గెలిచి, తర్వాత మరో మూడు సాధించాడు.

నీ ఎడమకాలు మాత్రం ఇంకా చుట్టపుచూపుగా వచ్చినట్లే ఉంది. ఎడమకాలితో తన్నేటప్పుడు కూడా బంతిని కుడిచేత్తోనే వదులుతున్నావు. ఎడమచేత్తో, వీలైనంత కింది నుంచి వదలడం అలవాటు చేసుకో. పైనుంచి వదిలితే బంతి గాలిలో పక్కకు తిరిగి పాదానికి అడ్డంగా తగులుతుంది. కాలివేళ్లు ముందుకు చాచి, పాదం పైభాగంతో కోలగా ఉండే బంతి కింది కొసను కొడితే, అది వెనక్కి గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది. జూన్, జూలై వానల్లో తడిసి చేతికి నిలవని బంతితోనూ ఇదే సాధన చెయ్యి, ఎందుకంటే సీజన్ సాగేది ఆ చలికాలంలోనే.

పరుగు గురించి ఎక్కువ చెప్పను. మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో 12 నుంచి 15 కిలోమీటర్లు తిరుగుతాడు. డ్రాఫ్ట్ పరీక్షల్లో 2 కిలోమీటర్ల పరుగు తప్పదు. మన పడమటి ప్రాంతపు కుర్రాళ్ల జట్టైన వెస్ట్రన్ జెట్స్‌లో చోటు దొరికితే మంచిదే. దొరకకపోయినా, ఎత్తు చాలదని ఎవరైనా అన్నా కుంగిపోకు. పొట్టివాడన్న లాకీ నీల్‌ను 2011లో 58వ ఎంపికగా తీసుకున్నారు, అతనే 2020లోనూ 2023లోనూ లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం అందుకున్నాడు.

తలకు దెబ్బ తగిలితే మాత్రం, జట్టులో చోటు పోతుందన్న భయంతో దాచకు. ఏఎఫ్‌ఎల్ ఆటగాళ్లనే కనీసం 12 రోజులు పక్కన పెడతారు, మీ స్థాయిలో 21 రోజులు ఆగాలి. మెల్‌బోర్న్ జట్టు మిడ్‌ఫీల్డర్ ఆంగస్ బ్రేషా తల గాయాల వల్లనే 2024లో, 28 ఏళ్లకే ఆట మానుకోవలసి వచ్చింది. అలాంటి రోజు ఎవరికైనా రావచ్చు, పైగా కొత్తవాళ్లకు దొరికేవి కొద్ది ఏళ్ల ఒప్పందాలే కనుక, పన్నెండో తరగతి చదువును సగంలో వదలవద్దని మీ నాన్న అంటున్న మాట నాకు సబబుగానే ఉంది.

ఈసారి ఆట వీడియో పంపేటప్పుడు నీ గోల్స్, మంచి కిక్కులు ఏరి కూర్చి పంపవద్దు. నాలుగో క్వార్టరు మొత్తం, బంతి నీ దగ్గర లేనప్పుడు కూడా నీవే కనిపించేలా తీయించి పంపు.

నీ మామయ్య